ట్రాన్స్‌మిషన్ వేడి చూపే ముల్లు

1998 మధ్య నుంచి 2002 దాకా వచ్చిన డాడ్జ్ ర్యామ్ 2500 డీజిల్ పికప్‌లో 5.9 లీటర్ల కమిన్స్ 24 వాల్వుల ఇంజన్ ఉంటుంది. ఆటోమేటిక్ బండైతే దాని వెనక 47ఆర్‌ఈ అనే నాలుగు గేర్ల ట్రాన్స్‌మిషన్. ఇంజన్ మొండిఘటం. ముందు చెడేది ట్రాన్స్‌మిషనే. ట్రెయిలర్ తగిలించి కొలరాడో కొండదారులు ఎక్కిస్తే టార్క్ కన్వర్టర్‌లో లాకప్ పడేదాకా, అంటే దాని లోపలి క్లచ్ బిగుసుకునేదాకా, జారుడు తప్పదు, ఆ జారుడంతా ఆయిల్‌లో వేడిగా చేరుతుంది. మన దగ్గర తిరిగే బొలెరో పికప్‌లకు గేర్లు చేత్తోనే మార్చాలి, కన్వర్టరే లేదు కనుక ఈ బాధ లేదు. ర్యామ్ డాష్‌లో హెచ్చరిక దీపం ఉన్నా అది వెలిగేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే ఆయిల్ వేడిని చూపే గేజ్ విడిగా ఒకటి పెట్టుకుంటారు.

గేజ్ బిగించడం పెద్ద పని కాదు. వేడిని పసిగట్టి గేజ్‌కు చెప్పే సెండర్ ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న, ఎందుకంటే ముల్లు చూపే అంకెకు అర్థం దాన్నిబట్టే మారుతుంది. మూడు చోట్లున్నాయి. కన్వర్టర్ నుంచి కూలర్‌కు వెళ్ళే వేడి గొట్టంలో పెడితే, ట్రెయిలర్‌ను రివర్స్‌లో తోస్తున్నప్పుడు ముల్లు చూస్తుండగానే పైకి లేస్తుంది. కొత్తవాళ్ళు అది చూసి హడలిపోతారు. ట్రాన్స్‌మిషన్ పక్కనున్న ప్రెషర్ టెస్ట్ పోర్టులో అయితే, అడుగున ఆయిల్ నిలిచే పాన్‌ను విప్పే పనే లేదు. కానీ అక్కడ ఆయిల్ ఒత్తిడి రివర్స్‌లో బాగా పెరుగుతుంది. దానికి తట్టుకోని సెండర్ పగిలితే ఆయిల్ పక్కనే ఉన్న సైలెన్సర్ గొట్టం మీద చిమ్ముతుంది. మూడోది పాన్, నా ఓటు దానికే. పంపు తోడుకునేది, క్లచ్ ప్లేట్లకు చేరేది అక్కడి ఆయిలే.

ఈ బండికి బ్యాటరీలు రెండు. రెండింటి నెగటివ్ కేబుళ్ళూ తీసేయాలి. జాకీని నమ్ముకుని కింద దూరకూడదు, స్టాండ్లు పెట్టాలి. కంపెనీ పాన్‌కు డ్రెయిన్ బోల్టు ఉండదు కనుక ఒక మూల బోల్టులు తీసి, మిగిలినవి వదులు చేసి, పాన్‌ను మెల్లగా వంచాలి. కింద వెడల్పాటి తొట్టి లేకపోతే ఎర్రటి ఆయిల్ నేలంతా పారుతుంది. పాన్ అడుగున కాస్త బూడిదరంగు మడ్డి ఉండడం మామూలే. లోహపు పెచ్చులు కనిపిస్తే మాత్రం గేజ్ సంగతి పక్కన పెట్టి మెకానిక్‌ను పిలవాలి.

పాన్ రేకు పలచన. దానికే మరలు కోస్తే నిలవవు. పక్కగోడకు రంధ్రం చేసి, ఎనిమిదో వంతు అంగుళం పైపు మరలున్న ఇనుప బుడిపెను వెల్డింగ్ చేయించాలి. రంధ్రం పెట్టేముందు సెండర్ మొన లోపలి ఫిల్టర్‌కు తగలదని, బయటి తల రాళ్ళ దెబ్బకు అందదని కొలిచి చూసుకోవాలి. వెల్డింగ్ చల్లారాక పాన్‌లో కిరోసిన్ పోసి కారుతుందేమో చూడాలి. రజను ఒక్క రవ్వ కూడా మిగలకుండా తుడవాలి, వాల్వ్ బాడీలోకి పోతే అదే శనేశ్వరం. ఇంత ఎందుకనుకుంటే సెండర్ పోర్టూ డ్రెయిన్ బోల్టూ ఉన్న అల్యూమినియం పాన్‌లు బజారులో దొరుకుతాయి. డబ్బుంటే అదే మేలు.

సెండర్, గేజ్ ఒకే కంపెనీవి, ఒకదానికొకటి జతవి కావాలి. లేకపోతే అంకెలు అబద్ధం చెబుతాయి. ఒకే తీగ ఉండే సెండర్‌కు తన మరలే ఎర్త్. దాని చుట్టూ టెఫ్లాన్ టేపు దట్టంగా చుడితే ఎర్త్ తెగిపోతుంది, పైగా టేపు పీలికలు ఆయిల్‌లో కలుస్తాయి. మొదటి రెండు మరలు వదిలేసి ద్రవ సీలెంట్ కొంచెం పూస్తే చాలు.

కొత్త ఫిల్టర్, కొత్త ప్యాకింగ్ వేసి పాన్ బిగించాలి. బోల్టులకు 13 ఫుట్-పౌండ్ల టార్క్ చాలు, అంతకు మించి బిగిస్తే పాన్ అంచు వంగి కారుతుంది.

తర్వాత వైరింగ్. సెండర్ తీగకు తొడుగు వేసి, సైలెన్సర్‌కూ తిరిగే షాఫ్టుకూ దూరంగా ఛాసిస్ వెంట కట్టుకుంటూ రావాలి. క్యాబిన్‌లోకి ఉన్న రబ్బరు గ్రోమెట్ గుండానే తేవాలి. ముందు అద్దం పక్క స్తంభానికి తగిలించే గిన్నెలో గేజ్ కూర్చుంటుంది. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటినుంచి చిన్న ఫ్యూజ్ పెట్టి ఒక తీగ, ఎర్త్‌కు ఒకటి, లైట్లతోపాటు వెలగడానికి మరొకటి. బ్యాటరీలు కలిపి తాళం తిప్పి, సెండర్ తీగను విడిగా ఛాసిస్‌కు ఆనిస్తే ముల్లు పైకొసకు పోవాలి, వదిలేస్తే అడుక్కు రావాలి. రెండూ జరిగితే తీగ పని అయినట్టే.

ఏటీఎఫ్ ప్లస్ 4 ఆయిల్ నాలుగు క్వార్టులు ముందుగా పోసి, ఇంజన్ స్టార్ట్ చేసి, అన్ని గేర్లూ ఒకసారి తిప్పి, న్యూట్రల్‌లో ఉంచి ఆయిల్ కొలిచే పుల్ల చూడాలి. చాలకపోతే కొంచెం కొంచెం పోయాలి.

పాన్‌లో 175 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 80 సెల్సియస్, ఆరోగ్యం. బరువుతో ఎక్కేటప్పుడు 200 దాటినా కంగారక్కర్లేదు. 250కి చేరువైతే ఆగాలి. చాలామంది పార్కులో పెట్టేస్తారు. కానీ ఈ ట్రాన్స్‌మిషన్ పార్కులో ఉంటే కూలర్‌లోకి ఆయిల్ వెళ్ళదు. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డం పెట్టి, న్యూట్రల్‌లో ఇంజన్‌ను ఐడిల్ కంటే కాస్త పైన తిరగనిచ్చి, ముల్లు దిగాకే బయలుదేరాలి.