పది శాతం లోపుంటే చాలా?

థీసిస్ సమర్పించే రోజులు దగ్గరపడిన పీహెచ్‌డీ స్కాలర్‌ని ఒకసారి పలకరించి చూడండి. ఏం తేల్చారో చెప్పకముందే కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ ఎంత శాతం పోలిక చూపించిందో చెబుతారు. "తొమ్మిది వచ్చింది సార్, గండం గడిచింది!"

2018లో యూజీసీ తెచ్చిన నిబంధనలు నేర్పిన అలవాటిది. ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 నుంచి 40 వరకు ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది ఇవ్వాలి. 60 వరకు వెళితే ఏడాది ఆగాలి. అదీ దాటితే రిజిస్ట్రేషనే రద్దు. నిబంధన మంచిదే, దాన్ని మనం వాడుకుంటున్న తీరే బాగాలేదు. 35 శాతం వస్తే కూర్చుని మాటలు అటూ ఇటూ తిప్పి ఎనిమిదికి దించుతాం. ఆలోచన వేరొకరిదే, వాళ్ల పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఇంకో తమాషా చూడండి. ఇంట్లో కూర్చుని కల్పించిన అంకెలకు ఏ సాఫ్ట్‌వేరూ అడ్డు చెప్పదు. అవి ఇంతకుముందు ఎక్కడా లేవు కాబట్టి పోలిక సున్నా!

నిజాయతీని నేర్పడానికి యూజీసీ 2019 చివర్లో ఇంకో ఏర్పాటూ చేసింది. పరిశోధన, ప్రచురణ నైతికతపై 30 గంటల, రెండు క్రెడిట్ల కోర్సు పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌లో చేరింది. స్లైడ్లు చూపించి, నిర్వచనాలు రాయించి మార్కులు వేస్తే ఆ కోర్సూ ఒక పేపరుగానే మిగిలిపోతుంది. నన్నడిగితే ఆ 30 గంటల్లో సగం విద్యార్థి సొంత నోట్‌బుక్ ముందు పెట్టుకుని గడపాలి.

నోట్‌బుక్ ఎందుకంటే, యాన్ హెండ్రిక్ షోన్ కథ వినండి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పేపర్ మీద పేపర్ వేస్తూ, నోబెల్ వస్తుందని అందరూ అనుకుంటున్న యువ భౌతిక శాస్త్రవేత్త. వేర్వేరు ప్రయోగాలవని చెప్పిన గ్రాఫుల్లో చిన్న చిన్న ఒడుదొడుకులు కూడా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయని ఇతర శాస్త్రవేత్తలు పసిగట్టారు. విచారణ కమిటీ ముడి డేటా చూపించమంటే, కంప్యూటర్‌లో చోటు చాలక చెరిపేశానన్నాడు. సరైన ల్యాబ్ నోట్‌బుక్ లేదు. 24 ఆరోపణల్లో 16 రుజువయ్యాయి. 2002లో ఉద్యోగం పోయింది. 2004లో జర్మనీలోని కాన్‌స్టాంజ్ యూనివర్సిటీ అతని డాక్టరేట్‌నీ వెనక్కి తీసుకుంది.

కాబట్టి ఈ సాయంత్రం ల్యాబ్ నుంచి బయల్దేరేముందు తేదీ వేసి నాలుగు లైన్లు రాయండి. తప్పిన ప్రయోగమైతే మరీ తప్పకుండా రాయండి. కొట్టేయాల్సి వస్తే అడ్డంగా ఒక్క గీత చాలు, కిందిది కనబడాలి. పేజీ చింపకండి. అసలు డేటా ఫైలును ముట్టుకోకుండా కాపీ మీదే పనిచేయండి. గ్రాఫులోంచి ఒక చుక్క తీసేశారా? ఎందుకు తీశారో పక్కనే రాయండి. కారణం రాయడానికి చెయ్యి ఆడకపోతే ఆ చుక్కను మళ్లీ దాని చోట పెట్టేయండి.

ల్యాబ్ లేనివాళ్లు తప్పించుకున్నామనుకోవద్దు. మనుషుల మధ్య చేసే పరిశోధనలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. అందుకు ఉదాహరణ అప్పటి మన ఖమ్మం జిల్లాలోనే ఉంది. 2009లో అక్కడ 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. పాథ్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టాయి. చాలామంది భద్రాచలం వైపు హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లలు. కొన్ని మరణాల తర్వాత 2010లో ప్రాజెక్టు ఆగింది. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. తేలింది వేరే విషయం. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. పత్రాలైతే నిండాయి, కన్నవాళ్లను అడిగిన దాఖలా ఏది?

రేపు మీరు సర్వే ఫారాలు పట్టుకుని ఏ గూడేనికో, బస్తీకో వెళతారు. సర్పంచి సరేనన్నారు కదా అని ఊరంతా సరేనన్నట్టు కాదు. "వద్దమ్మా, నేను చెప్పను" అని ఆ ఇంటి మనిషి నిర్భయంగా అనగలగాలి. మీ సమ్మతి పత్రాన్ని ముందు మీ అమ్మమ్మకు చదివి వినిపించండి. ఆవిడకు అర్థమైంది ఆవిడ మాటల్లో తిరిగి చెప్పగలిగితే పత్రం బాగున్నట్టు. లేదంటే తిరగరాయండి.

ఇక ఎవరూ పైకి మాట్లాడని విషయం, పేపర్ మీద పేర్లు. పని ఒకరిది, పేర్లు ఆరుగురివి! పెద్దాయన పేరు లేకపోతే బాగుండదని, పక్క డిపార్ట్‌మెంట్ స్నేహితుడిదీ వేద్దామని జాబితా పెరుగుతుంది. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ ఇందుకు నాలుగు షరతులు పెట్టింది. పరిశోధనలో చెప్పుకోదగ్గ పని చేసి ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో పాలుండాలి, తుది ప్రతిని ఒప్పుకోవాలి, రేపు ప్రశ్న వస్తే జవాబుదారీగా నిలబడాలి. నాలుగూ ఉంటేనే ఆథర్. డబ్బో పరికరమో ఇచ్చినవాళ్లకు కృతజ్ఞతల్లో చోటుంది. గైడ్‌తో ఈ మాట పేపర్ పంపే రోజున ఎత్తితే గొడవవుతుంది. పని మొదట్లోనే అడగండి. "మేడమ్, ఇందులో ఎవరు ఏ పని చేయాలో, పేర్లు ఏ వరసలో వేద్దామో ఇప్పుడే అనుకుందామా?" ఒప్పుకున్నది ఆ రోజే మెయిల్‌లో పెట్టండి. ఇందులో అమర్యాద ఏమీ లేదు.

ఏఐ సంగతి రెండు ముక్కల్లో. అది ఇచ్చే రిఫరెన్సుల్లో లేని పేపర్లూ ఉంటాయి. మీరు తెరిచి చదవని పేపర్‌ని రిఫరెన్స్‌గా ఇవ్వకండి, అంతే.

తప్పు బయటపడితే బతుకు ముగిసిపోతుందన్న భయమే చాలామందిని దాపరికంలోకి నెడుతుంది. ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కు 2018లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. 2020 జనవరిలో తన బృందం పేపర్‌ను ఆమే వెనక్కి తీసుకున్నారు. ఫలితాలు మళ్లీ రాలేదు, నోట్‌బుక్‌లో ముఖ్యమైన ప్రయోగాల వివరాలూ లేవు. తాను సరిగా చూసుకోలేదని అందరి ముందూ క్షమాపణ చెప్పారు. ఆమె మీద గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు. ఇతరుల తప్పు కంటపడినా భయపడి ఊరుకోనక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో డీన్ హోదాలో ఉన్న డీడరిక్ స్టాపెల్ కల్పిత డేటాను 2011లో బయటపెట్టింది ముగ్గురు యువ పరిశోధకులే. ఆవేశపడకుండా ఆధారాలు పోగుచేసుకుని, విభాగాధిపతి దగ్గరకు వెళ్లారు. మన యూనివర్సిటీల్లోనూ రచనా చౌర్యంపై ఫిర్యాదు వినడానికి విభాగానికో ప్యానెల్, సంస్థకో ప్యానెల్ ఉండాలని 2018 నిబంధనలే చెబుతున్నాయి. మీ దగ్గర అందులో ఎవరెవరున్నారో అవసరం రాకముందే కనుక్కోండి.

గైడ్లకూ ఒక మనవి. అనుకున్న ఫలితం రాలేదని విద్యార్థి వచ్చి చెప్పినప్పుడు ముఖం చిట్లించకండి. కూర్చోబెట్టి, ఏం జరిగిందో మొత్తం వినండి.