హ్యారోయింగ్: నా వైవాకి సరిపోని మాట

పోయిన సెమిస్టర్ ఓఎస్ ల్యాబ్ వైవా అయ్యాక నా వాట్సాప్ స్టేటస్: ‘హ్యారోయింగ్ ఎక్స్‌పీరియన్స్!’ డెడ్‌లాక్ అంటే ఏంటో చెప్పలేక బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను, అంతే. అందరూ నవ్వారు. రూమ్మేట్ నవ్వలేదు. వాడిది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద వచ్చినప్పుడు నానమ్మతో రెండు రాత్రులు డాబా మీదే ఉన్నాడు. చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం లేవు. “మరి దాన్నేమనాల్రా?” అన్నాడు. అందుకే ఈ మాట సంగతి చూశాను.

అసలు అర్థం: హ్యారో ఒక వ్యవసాయ పనిముట్టు. దున్నిన పొలంలో మట్టిపెళ్ళలు చితకడానికి లాగే పళ్ళ చట్రం. ఇంగ్లిష్ మీడియం వాణ్ణి కదా, ఫోటో చూసినా అర్థం కాక తాతయ్యకి పంపాను. “మన గుంటక చేసే పనే రా. గుంటకకి బ్లేడు ఉంటుంది, దీనికి పళ్ళున్నాయి” అన్నారు. ఆ పళ్ళు మనసు మీద నడిస్తే హ్యారోయింగ్. షేక్‌స్పియర్ ‘హామ్లెట్’లోనే హ్యారో అనే క్రియని మనసుకి వాడాడు.

తెలుగులో దగ్గర మాట హృదయవిదారకం. విదారణం అంటే చీల్చడం. అక్కడా ఇక్కడా చీలేది గుండే!

వాడుక: హ్యారోయింగ్ జర్నీ, హ్యారోయింగ్ అకౌంట్, హ్యారోయింగ్ ఫుటేజ్ అంటారు. పడినవాళ్ళకే కాదు, వినేవాళ్ళకీ చూసేవాళ్ళకీ వర్తిస్తుంది.

తేడా: ట్రామాటిక్ గ్రీకులో గాయం అనే మాట నుంచి వచ్చింది. తర్వాత కూడా మిగిలిపోయే దెబ్బ మీద దాని దృష్టి.

తప్పు: ‘ఐ యామ్ హ్యారోయింగ్’ అనకండి. బోరింగ్, బోర్డ్ తేడా లాంటిదే. అలా అంటే ఇంకొకరి మనసు చీలుస్తున్నది మీరే!

నా వైవాకి సరైన మాట ఎంబరాసింగ్. స్టేటస్ తీసేసి, “నీ రెండు రాత్రులకి ఆ మాట సరిపోతుంది రా” అన్నాను. “నానమ్మకి ఏ మాటా అక్కర్లేదు. ‘ఆ నీళ్ళప్పుడు’ అని ఆగిపోతుంది” అన్నాడు.