తిరుగు బెల్టు చూడాలి

మనవరాలు రాయదుర్గంలో ఒక ఆఫీసులో పని చేస్తుంది. పార్శిళ్ల గోదాముల్లో బెల్టులు ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ప్రోగ్రాములు రాయడం తన ఉద్యోగం. పోయిన దసరాకు తను కట్టిన లైను కంప్యూటర్ తెర మీద చూపించింది. డబ్బాలు వరసగా వస్తున్నాయి, మలుపు తిరుగుతున్నాయి, ఏ ఊరి డబ్బా ఆ ఊరి సంచిలో పడుతోంది. ముచ్చటగానే ఉంది. "కింది వైపు ఏది బిడ్డా?" అన్నాను. "కింద ఏముంటది తాతా, ఖాళీ బెల్టే కదా. అది గీయలే" అంది.

మా నాయన గోదావరిఖనిలో కోల్ ఫిల్లర్. తట్ట, చెమ్మస్ పార పట్టి టబ్బులు నింపిన మనిషి. ఆయన తట్టలో మోసింది నా కాలానికి బెల్టెక్కింది. నేను బాలానగర్‌లో ఒక చిన్న కంపెనీ తరఫున నలభై ఏళ్లు బెల్టులకు జాయింట్లు వేశాను. బొగ్గు బాయిలు, సిమెంటు ఫ్యాక్టరీలు, కంకర క్రషర్లు, రేవులు అన్నీ తిరిగాను. ఇప్పుడు కొండాపూర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నా. "నీకు తెలిసింది నంబర్లు వేసి రాసియ్యి తాతా" అని అడిగింది. రాస్తున్నా.

1. ముందు సరుకును అడుగు, తర్వాతే బెల్టును

రాణిగంజ్‌లో తెలిసిన దుకాణానికి పోయి బెల్టు కావాలంటే, లోపలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న "ఏం మొయ్యాలి?" అనే. బొగ్గా, సున్నపురాయా, బియ్యమా? ముద్ద ఎంత పెద్దది, ఎంత ఎత్తు నుంచి పడుతుంది? తడిదా, పొడిదా, వేడిదా? ఇవేమీ చెప్పకుండా ధర అడిగినవాడు అదే బెల్టు రెండుసార్లు కొంటాడు.

బెల్టు మీది అంకెలు చదవడం నేర్చుకో. "ఈపీ 630/4, 5+2" అని ఉందనుకో. ఈపీలో నిలువు దారం పాలిస్టర్, అడ్డదారం నైలాన్. పాలిస్టర్ అంతగా సాగదు కాబట్టి లాగుడు తట్టుకుంటుంది. నైలాన్ మెత్తగా వంగుతుంది కాబట్టి బెల్టు రోలర్ల మీద దొప్పలా ఒదుగుతుంది. 630 అంటే వెడల్పులో ఒక్కో మిల్లీమీటరు ఎన్ని న్యూటన్ల లాగుడుకు తెగుతుందో ఆ లెక్క. నడిపించేటప్పుడు అందులో పదో వంతు దాటనివ్వం. 4 అంటే గుడ్డ పొరలు. 5+2 అంటే పైన ఐదు, కింద రెండు మిల్లీమీటర్ల రబ్బరు.

ఈ పై రబ్బరుకు ఒక కథ ఉంది. 1890ల మొదట్లో అమెరికాలో ఎడిసన్ ఇనుప ఖనిజం పని దగ్గర గుడ్డ బెల్టులు ఊరికే చిరిగిపోయేవి. థామస్ రాబిన్స్ అనే ఆయన వాటిని తిప్పి చూస్తే, నూలు అరిగిపోయిన చోట కూడా పల్చటి రబ్బరు పొర నిలిచి ఉంది. అరగనిదాన్నే మందం చేద్దామనుకున్నాడు. ఇప్పటి బెల్టు అక్కడ మొదలైంది. పాడైన బెల్టును పారేసే ముందు తిప్పి చూసినవాడికే విద్య దక్కింది.

2. బాయిలోకి దిగే బెల్టు నిప్పంటుకోకూడదు

పైన బొగ్గు మోసే బెల్టును తీసుకుపోయి బాయిలో వెయ్యకూడదు. 1950 సెప్టెంబర్ 26న ఇంగ్లండ్‌లోని క్రెస్‌వెల్ గనిలో చిరిగిన బెల్టు ముక్క ఒకటి, బొగ్గు ఒక బెల్టు మీంచి ఇంకో బెల్టు మీదికి పడే చోట ఇరుక్కుంది. నడుస్తున్న బెల్టు దానికి ఒరుసుకుని అంటుకుంది. ఎనభై మంది పైకి రాలేదు. ఆ తర్వాతే ప్రపంచమంతా నిప్పు పట్టని బెల్టుల మీద పడింది.

మన దగ్గర వాటికి ఐఎస్ 3181 ప్రమాణం ఉంది. వీటిలో విడివిడి పొరలుండవు. ఒకే మందపు నేత మొత్తాన్ని పీవీసీలో నానబెట్టినట్టు చేస్తారు. పరీక్ష ఎట్లా అంటే, బెల్టును బిగబట్టి దాని కింద ఉక్కు డ్రమ్మును గిరగిరా తిప్పుతారు. బెల్టు తెగినా సరే, మంట రాకూడదు, నిప్పుకణిక కూడా మెరవకూడదు. ఒంట్లో కరెంటు దాచుకునే బెల్టు కూడా పనికిరాదు. బాయిలో గ్యాసుంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. ధరలో తేడా చూసి మామూలు బెల్టు దింపుదామన్న కాంట్రాక్టరుకు నేను జాయింటు వెయ్యనన్నాను. ఆ నెల కూలి పోయింది. ఇంట్లో ఆ మాట నాయన విని ఏమీ అనలేదు. మర్నాడు తనే పోయి బియ్యం తెచ్చాడు.

3. దూరం పెరిగితే గుడ్డ వదిలి ఉక్కు పట్టు

పొడుగు లైనులో గుడ్డ బెల్టు సాగుతుంది. ఆ సాగుడును లాగి పట్టడానికి బరువులు వేలాడదీస్తాం, దాన్ని టేకప్ అంటాం. కిలోమీటర్లు దాటిన లైనుకు ఆ బరువు దిగడానికే జాగా చాలదు. అప్పుడు రబ్బరు లోపల ఉక్కు తాళ్లు పేర్చిన బెల్టు వేస్తారు. అది సాగడం చాలా తక్కువ.

మేఘాలయ కొండల సున్నపురాయి సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లోని ఛాతక్ దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీకి పోయేది ఒకే బెల్టు మీద, సుమారు 17 కిలోమీటర్లు. పశ్చిమ సహారాలో ఫాస్ఫేట్ మోసే బూక్రా లైను ముక్కముక్కలుగా కలిపి 100 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఉక్కు బెల్టుకు ఒక భయం ఉంది. అడ్డంగా తెగడం అరుదు, కానీ ఒక మొన ఉన్న ఇనుప ముక్క ఇరుక్కుందంటే పొడుగునా చీరను చించినట్టు చీల్చుకుంటూ పోతుంది. అందుకే లోడు పడే చోటికి ముందే అయస్కాంతం పెట్టి ఇనుము ఏరేస్తారు.

4. ఎక్కే బెల్టు వేరు, దిగే బెల్టు వేరు

నున్నటి బెల్టు మీద బొగ్గు 18 డిగ్రీల వాలు దాకా నిలబడుతుంది. అంతకు మించితే వెనక్కి దొర్లుతుంది. పైన బాణం గుర్తుల్లా గీతలు లేచి ఉండేది షెవ్రాన్ బెల్టు, అది 30 డిగ్రీల దాకా ఎక్కిస్తుంది. ఇంకా నిటారుగా పోవాలంటే రెండు పక్కలా ముడతల గోడలు, మధ్యలో అడ్డుపలకలు ఉన్న బెల్టు కావాలి. అది లిఫ్టులా పైకి పోతుంది. ఎక్కే బెల్టుకు హోల్డ్‌బ్యాక్ తప్పనిసరి. కరెంటు పోయినప్పుడు అది పట్టకపోతే మోసిన సరుకంతా వెనక్కి జారి కింది కొసన ఉన్న టెయిల్ డ్రమ్ము దగ్గర కుప్పపడుతుంది.

దిగే బెల్టు ఇంకో తీరు. మాసబ్ ట్యాంక్‌లో ఆఫీసున్న ఎన్‌ఎండీసీ బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజం తవ్వుతుంది. అట్లాంటి కొండ మీంచి సరుకు దిగేటప్పుడు బరువే బెల్టును లాగుతుంది. మోటారు లాగాల్సింది పోయి, తానే తిరగబడి కరెంటు పుట్టిస్తుంది. వినడానికి లాభంగా ఉంటుంది. బ్రేకు పట్టకపోతే మాత్రం దాన్ని ఆపగలిగేవాడు లేడు.

5. వేడికి, తిండికి, మందుకు వేరువేరు

కూలర్ నుంచి బయటికొచ్చిన సిమెంటు క్లింకర్‌ను రబ్బరు మీద వెయ్యరు. ముందు ఇనుప తొట్లు వరసగా కట్టిన కన్వేయర్ మోస్తుంది. చల్లారాకే వేడిని తట్టుకునే రబ్బరు బెల్టు వంతు. బిస్కెట్ల పొయ్యిలో ఇనుప జాలీ బెల్టు, గాలి కింది నుంచీ ఆడాలి కాబట్టి. తిండి వస్తువులకు తెల్ల బెల్టు ఎందుకంటే దాని మీద మురికి దాగదు. జీనోమ్ వ్యాలీలో మందు సీసాలు నడిచేవి పలకల గొలుసుల మీద. మా రబ్బరు వాసనున్న చేతులతో అక్కడికి పోతే గేటు దగ్గరే ఆపుతారు. ఆపాలి కూడా.

6. అద్దాల మేడలు కూడా బెల్టెక్కి వచ్చినవే

సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న ప్రారంభించారు. ఆ రోజుల్లో నగరం పడమటి అంచున క్రషర్లలో నేను జాయింట్లు వేస్తున్నా. 20 ఎంఎం కంకర, 12 ఎంఎం కంకర, డస్టు అంతా బెల్టు మీదే జల్లెడకు పోయేది. తర్వాత కాంక్రీటు ప్లాంట్లొచ్చాయి, వాటిలోనూ కంకర బెల్టు మీదే ఎక్కుతుంది. నువ్వు కూర్చునే అంతస్తు ముందు నా చేతి కింది నుంచి పోయి ఉండొచ్చు.

హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ చెయ్యిపట్టు మీద చెయ్యి వేసినప్పుడు గుర్తుంచుకో, అది కూడా లోపల ఉక్కు ఉన్న రబ్బరే. 2008లో తెరిచిన శంషాబాద్ విమానాశ్రయంలో పెట్టెలు తిరిగే చక్రం బెల్టులా కనిపిస్తుంది కానీ, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరిచిన పలకలు. మలుపు తిరగాలంటే అంతే. నీ పార్శిళ్ల లైనులో ఒక్కో బండి మీద అడ్డంగా చిన్న బెల్టుంటుంది, డబ్బా దిగాల్సిన సందు రాగానే అది పక్కకు తిరిగి డబ్బాను తోసేస్తుంది. మా కాలంలో లేనిది అదొక్కటే. చూస్తే నాకు అసూయగా ఉంది.

7. బెల్టు బలం జాయింటంత

నాలుగు పొరల బెల్టును మెట్లు మెట్లుగా కోసి కలిపితే, ఏ మెట్టు దగ్గర చూసినా మూడు పొరలే పట్టి ఉంటాయి. అంటే లెక్క ప్రకారమే ముప్పావు బలం. మిగిలింది చేతి శుభ్రం. గరుకు పెట్టిన చోట వేలు తగిలినా, చెమట చుక్క పడినా రబ్బరు పట్టదు.

ఒక సిమెంటు ఫ్యాక్టరీలో వానాకాలం రాత్రి జాయింటు వేశాం. టార్పాలిన్ కింద తేమ ఉంది. జాయింటును వేడితో నొక్కి పట్టే ప్రెస్సు చల్లారకముందే విప్పాను. పొద్దున షిఫ్టుకు లైను ఇవ్వాలని నేనే తొందరపడ్డా, ఎవరూ నన్ను తరమలేదు. పదకొండో రోజు జాయింటు పొక్కి విడిపోయింది. వాళ్ల మేనేజరు ఒక్క మాట అనలేదు, కొత్త ముక్క తెప్పించి మళ్లీ నాకే ఇచ్చాడు. ఆ రోజు నుంచి ప్రెస్సు మీద అరచెయ్యి ఆనించి, ఓర్చుకోగలిగితేనే విప్పాను.

8. పక్కకు పోయే బెల్టును తన్నకు

బెల్టు ఏ రోలర్ కొసను ముందు తాకుతుందో ఆ కొస వైపే జరుగుతుంది. ఇదొక్కటే సూత్రం. కొత్తవాడు బెల్టు ఎక్కడ అంచు దాటిందో అక్కడి రోలర్‌ను సుత్తితో కొడతాడు. తప్పు అంతకు ముందెక్కడో ఉంటుంది. కొన్ని రోలర్లు వెనక్కి పోయి, ఒకదాన్ని కొంచెమే కదిపి, బెల్టు నాలుగు చుట్లు తిరిగేదాకా బీడీ కాల్చకుండా నిలబడి చూడాలి. నాలుగు రోలర్లు ఒకేసారి కదిపినవాడికి ఏది మందో, ఏది రోగమో తెలియదు. నీ ప్రోగ్రాముల్లోనూ ఇట్లాగే ఉంటుందని నువ్వే చెప్పావు.

9. నడిచే బెల్టుకు చుట్టరికం లేదు

ఒక క్రషర్‌లో నాతో పాటు టీ తాగిన పిల్లగాడు, మెడలో తువ్వాలుతో టెయిల్ డ్రమ్ము దగ్గర మట్టి గీకబోయాడు. బెల్టు నడుస్తూనే ఉంది. తువ్వాలును పట్టుకుంది, దాన్ని లాక్కోబోయిన చేతిని పట్టుకుంది. పక్కనే లాగే తాడుంది, పుల్ కార్డ్ అంటారు, లాగితే లైను ఆగుతుంది. అది తుప్పు పట్టి కదల్లేదు. పిల్లగాడు బతికాడు, కుడిచెయ్యి లేదు. అప్పటి నుంచి ఏ ఊరి ఏ లైనుకు పోయినా, జాయింటు పెట్టె దించకముందే ఆ తాడు లాగి చూసేవాణ్ని. ఆపి, కరెంటు తీసి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుంటేనే చెయ్యి పెట్టు.

10. తిరుగు బెల్టు చూడాలి

లోడు మోసే పై బెల్టును అందరూ చూస్తారు. ఖాళీగా వెనక్కి వచ్చే కింది బెల్టును చూసేది జాయింట్లవాడే. స్క్రేపర్ గీకలేక వదిలిన బురద అక్కడే ఉంటుంది. అది కింది రోలర్లకు పట్టి గట్టిపడితే రోలర్ ఒక పక్క లావై, బెల్టు పక్కకు జరుగుతుంది. రబ్బరు ఎక్కడ కోసుకుంది, జాయింటు ఏ అంచున లేస్తోంది అన్నీ కింద వంగితేనే కనిపిస్తాయి. లైను ఎట్లా ఉందని ఎవరైనా అడిగితే నేను ముందు వంగేవాణ్ని, తర్వాత మాట్లాడేవాణ్ని.

ఇక్కడిదాకా రాసి కాగితాలు తనకిచ్చాను. పోయిన వారం రాత్రి పదకొండింటికి ఫోన్. ఏదో గోదాములో లైను తప్పుగా పంచుతోందట, ప్రోగ్రాము మూడుసార్లు చూసిందట, అందులో ఏమీ లేదట. "వంగి చూసినా తాతా" అని ఒక ఫోటో పంపింది. డబ్బాల మీది అంటుడు టేపు ఊడి ఊడి కింది రోలర్‌కు ఒక పక్కనే చుట్టుకుని ఉంది, దారపు ఉండంత లావు. బెల్టు ఆ పక్కకే జరిగి, డబ్బాలు వాటిని గుర్తించే సెన్సర్ కంటికి అందకుండా తప్పిపోతున్నాయి. నాకు సంబరమైంది, కానీ ముందు అడగాల్సింది అడిగాను.

"ఫోటో బాగుంది బిడ్డా. తీసేటప్పుడు లైను ఆపిన్రా?"