బురదనదిలో పంటనీరు

2008 మే 12న చైనాలోని సిచువాన్ ప్రాంతాన్ని మహాభూకంపం కుదిపివేసింది. వేలాది కొండచరియలు విరిగి నదీలోయలలో పడ్డాయి. ప్రాణనష్టం అపారం. ఆ దుఃఖం చల్లారకముందే రైతులకు మరొక చింత ఎదురైంది. అది వరినాట్ల కాలం. చెంగ్డూ మైదానానికి జీవనాధారమైన మిన్ నదీలోయ ఎగువన శిథిలాలతో నిండిపోయింది.

బురదనీరు పారితే ఇసుక కాలువ అడుగున పేరుకొంటుంది. ముందుగా ఎండేది చివరి ఆయకట్టు. సన్నని మన్ను నేలపై పొరకట్టి నీటిని ఇంకనీయదు. ఒండ్రు అనగానే మనకు సారవంతమైన నేల స్ఫురిస్తుంది. కాని అప్పుడే విరిగిన కొండ నుండి వచ్చేది ఆకులలములు కుళ్ళిన ఒండ్రు కాదు, చాలావరకు రాతిపొడి!

ఈ నదిపై క్రీ.పూ. మూడవ శతాబ్దిలో లీ బింగ్ అనే పాలనాధికారి నిర్మింపజేసిన దుజియాంగ్‌యాన్ పథకం నేటికీ పనిచేస్తున్నది. నదికి అడ్డంగా ఎత్తైన ఆనకట్ట కట్టకుండా, చేపనోటి ఆకారపు కట్టతో ప్రవాహాన్ని రెండు పాయలుగా చీల్చారు. నది వంపు తిరిగేచోట తేటగా ఉండే పైనీరు వెలుపలి అంచుకు, అడుగున దొర్లే ఇసుక, గులకరాళ్ళు లోపలి అంచుకు చేరుతాయి. పంటకాలువల పాయను ఆ వెలుపలి అంచునే అమర్చడంలో ఉంది ఆయన ప్రతిభ. అయినను లోనికి వచ్చిన ఇసుకను, వరదవేళ సుడితిరిగే నీరే పల్లపు కట్ట మీదుగా రెండవ పాయలోకి విసిరివేస్తుంది. మిగిలిన పూడికను చలికాలంలో తవ్వితీయడం ఆనవాయితీ; ఎంత లోతు తవ్వాలో తెలిపేందుకు అడుగున ఇనుపకడ్డీలు పాతారు.

భూకంపానికి చేపనోటి కట్ట పగుళ్ళిచ్చింది, చెంతనున్న ఆలయభవనాలు కూలాయి. పథకం మాత్రం నిలిచింది.

అయితే వాలులపై ఆగిన మట్టి ప్రతి పెద్దవానకూ కదలుతుంది. 2010 ఆగస్టులో యింగ్‌షియు వద్ద అట్టి శిథిలప్రవాహమే మిన్ నదికి అడ్డుపడి, కొత్తగా కట్టుకొన్న పట్టణాన్ని ముంచింది. కనుక ఇటువంటి నదుల చెంత రైతు ఏళ్ళ తరబడి జాగ్రత్త వహించవలసిందే. వాన ఉద్ధృతి తగ్గేవరకు తూము మూసి ఉంచాలి. నారు ఎండుతున్నప్పుడు ఇది కఠినమైన నిర్ణయం. అందుకే నీరు తేటగా ఉన్న రోజులలోనే కుంటలు నింపుకోవాలి. నదినీటిని మొదట ఒక కుంటలో నిలిపి, పైనీటిని మాత్రమే కాలువకు వదలాలి. ఇసుక నిమిషాలలో అడుగుకు దిగుతుంది. బంకమన్ను రోజుల తరబడి తేలుతూనే ఉంటుంది. వరిమడి దానిని కొంత సహించగలదు. బిందుసేద్యపు గొట్టాలు సహించవు. వాటికి వడపోత తప్పనిసరి.