చెవి మిషను – ఎంచుకోవడం, కాపాడుకోవడం



నా చెవి వెనకాల ఉన్నది ఏమిటని చాలామంది అడుగుతున్నారు. కొందరు పాటలు వినే మిషను అనుకున్నారు. కాదు, అది వినికిడి మిషను. ఒక్కొక్కరికీ చెప్పేకంటే గోడపత్రికలో రాస్తే అందరికీ తెలుస్తుందని రాస్తున్నాను.

ముందు పరీక్ష: హాజరు పిలిస్తే నేను పలికేదాన్ని కాదు. పొగరు అనుకున్నారు. వినబడటం లేదని నాకే తెలీదు. బడి పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. ఆ డాక్టర్లు మన బడికి వచ్చినప్పుడు చూసి నన్ను పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ నిశ్శబ్దంగా ఉండే గదిలో కూచోబెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా చెయ్యి ఎత్తమన్నారు. ఏ చెవికి ఎంత తగ్గిందో కాగితం మీద గీత గీసి ఇచ్చారు. ఆ కాగితం ప్రకారమే మిషనును సరిచేస్తారు. పరీక్ష లేకుండా అంగట్లో కొనకూడదు.

రకాలు:
1. జేబు మిషను – డబ్బా జేబులో, తీగ చెవికి. బట్టల రాపిడి కూడా వినబడుతుంది.
2. చెవి వెనక మిషను – చెవి కొలతతో చేసిన అచ్చు చెవిలో, మిషను వెనకాల ఉంటాయి.
3. చెవి లోపలి మిషను – చిన్నది, అంతగా కనబడదు.

నేను మూడోదే కావాలని ఏడ్చాను. ఎవరూ చూడరు కదా అని. పరీక్ష చేసిన మేడమ్ ఇలా చెప్పారు: "ఎదిగే పిల్లలకు చెవి కూడా పెరుగుతుందమ్మా. వెనక మిషనుకైతే అచ్చు మారిస్తే చాలు. లోపలిదైతే మిషనే మళ్లీ చేయించాలి." అందుకే రెండోది తీసుకున్నాం.

ఖర్చు: కేంద్ర ప్రభుత్వపు ఎడిప్ పథకం 1981 నుంచి ఉంది. ఆదాయం తక్కువున్న కుటుంబాల వారికి మిషను ఉచితంగా ఇస్తారు. 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి.

కాపాడుకోవడం:
• స్నానానికి, తలకు నూనె రాసుకోవడానికి ముందు తీసేయాలి.
• అచ్చును మిషను నుంచి విడదీసి సబ్బునీళ్లతో కడగాలి. బాగా ఆరాకే తగిలించాలి. మిషనుకు నీళ్లు తగలకూడదు.
• కొత్త బ్యాటరీకి అంటించిన కాగితం పీకి, ఒక నిమిషం గాలి తగలనిచ్చి వేయాలి. అది గాలితో పనిచేసే బ్యాటరీ.
• రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, తేమ పీల్చే గుళికల పొట్లంతో గట్టి మూత డబ్బాలో పెట్టాలి. ఎండలో, పొయ్యి దగ్గర ఆరబెట్టకూడదు.
• కుయ్‌మని ఈల వేస్తే అచ్చు సరిగ్గా కూచోలేదని, బిగువు తగ్గిందని, లేదా చెవిలో గుబిలి ఉందని అర్థం.
• పాత బ్యాటరీలు చిన్నపిల్లలకు దొరకకూడదు. మింగితే ప్రాణానికే ముప్పు.

నేను చేసిన తప్పు: మీరు నవ్వుతారని భయపడి వానాకాలం అంతా మిషనును ట్రంకుపెట్టెలో దాచాను. బ్యాటరీ కూడా తీయలేదు. తర్వాత చూస్తే లోపల చిలుము పట్టింది. బాగుచేయించడానికి మా అయ్య రెండు రోజుల కూలి మానుకొని పట్నం పోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మూడు నెలల పాఠాలు మాత్రం నాకు ఇప్పటికీ సరిగ్గా రావు.

మీరు చేయవలసినది: మిషను పెట్టుకున్నా అన్నీ మీలాగా వినబడవు. భోజనాల దగ్గర కంచాల చప్పుడే పెద్దగా వస్తుంది. నాతో ఎదురుగా నిలబడి, మామూలుగా మాట్లాడండి. అరిస్తే మాట చెదిరిపోతుంది. రాత్రి మిషను తీసేస్తాను కాబట్టి పొద్దున గంట వినబడదు. దయచేసి భుజం తట్టి లేపండి.

మనలో ఎవరికైనా చెవి కారుతుంటే పుల్లలు పెట్టొద్దు, నూనె పోయొద్దు. మేడమ్‌తో చెప్పండి. చెప్పడానికి సిగ్గయితే నన్ను పిలవండి, తోడు వస్తాను.

– 8వ తరగతి విద్యార్థిని