నేరం చేసిన పిల్లలకు హోమ్ ఒక్కటే దారా?

ప్రశ్న: దొంగతనం కేసులో పట్టుబడిన మైనరును హోమ్‌లోనే ఉంచాలా?

జవాబు: అక్కర్లేదు. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం హోమ్ వంటి సంస్థలో ఉంచడం చివరి మార్గం మాత్రమే. మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండే జువెనైల్ జస్టిస్ బోర్డు 18వ సెక్షన్ కింద మందలించి ఇంటికి పంపవచ్చు. కౌన్సెలింగ్, సమాజ సేవ, ప్రొబేషన్ విధించవచ్చు. బడికో వృత్తి శిక్షణకో వెళ్లమనవచ్చు. పగలు శిక్షణ, రాత్రి సొంతిల్లు అయితే చదువు తెగదు, తల్లిదండ్రుల బాధ్యతా సడలదు, నేరాల్లో ఆరితేరినవారి సావాసమూ అంటదు. ఇలాంటి ఆలోచనతోనే అమెరికాలోని మసాచుసెట్స్‌లో యువజన సేవల శాఖ అధిపతి జెరోమ్ మిల్లర్ 1970ల మొదట్లో పెద్ద శిక్షణాలయాలను మూయించి, పిల్లలను స్థానిక కార్యక్రమాలకు మళ్లించారు. ఎంతో ధైర్యమైన నిర్ణయమది. ఇంట్లోనే హింస ఉంటే మాత్రం పిల్లలను ఇంటికి పంపే పద్ధతి పనికిరాదు. ఇది తేల్చడానికి ప్రొబేషన్ అధికారి ఇచ్చే సామాజిక దర్యాప్తు నివేదిక బోర్డుకు ముఖ్య ఆధారం. ఇంటి పరిస్థితిని కుటుంబం ఆ అధికారికి దాచకుండా చెప్పాలి.