పత్రాల గుట్టలో ఒక్క నంబరు

మీ బడి అడ్మిషన్ రిజిస్టరులో ప్రతి విద్యార్థికీ ఒక నంబరుంటుంది. లక్ష్మి పేరు గలవారు ముగ్గురున్నా ఆ నంబరు మాత్రం ఒక్కరిదే. రిజిస్టరు ఒకటే, రాసే గుమాస్తా ఒకరే కనుక వరుసగా తర్వాతి నంబరు వేస్తే చాలు. కాని వందల కంప్యూటర్లు ఒకేసారి రికార్డులు చేరుస్తుంటే? ‘తర్వాతి నంబరెంత?’ అని ఒకదాన్నొకటి అడుగుతూ కూర్చుంటే పని సాగదు.

2009లో విడుదలైన మోంగోడీబీ అనే డాక్యుమెంట్ డేటాబేసులో ఈ చిక్కు విప్పిన తీరు ముచ్చటగా ఉంటుంది. ఇందులో ఒక్కో రికార్డూ ఒక్కో పత్రం. మనం వేరే నంబరు ఇవ్వకపోతే ప్రతి పత్రానికీ 12 బైట్ల నంబరు తయారవుతుంది. మొదటి 4 బైట్లు కాలం. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. తర్వాతి 5 బైట్లు ఆ ప్రోగ్రాము చీటీ తీసినట్లు ఎంచుకున్న సంఖ్య. చివరి 3 బైట్లు ఒక్కొక్కటిగా పెరిగే లెక్క. ఎవరినీ అడగనక్కరలేదు. రెండు నంబర్లు ఒకటయ్యే అవకాశం అతి స్వల్పం.

ఒక్కో బైటును హెక్సాడెసిమల్ పద్ధతిలో రెండేసి గుర్తులతో రాస్తారు కాబట్టి మొత్తం 24 గుర్తులు. మొదటి ఎనిమిదీ 5ఎఫ్5ఇ1000 అనుకోండి. ఎఫ్ అంటే 15, ఇ అంటే 14. కాగితం మీద దశాంశ పద్ధతిలోకి మార్చి చూడండి, సరిగ్గా 160 కోట్లు వస్తుంది! అంటే ఆ నంబరు పుట్టింది 2020 సెప్టెంబరు 13న, మన గడియారం ప్రకారం సాయంత్రం 5 గంటల 56 నిమిషాల 40 సెకన్లకు.

ఇక వెతకడం. పది లక్షల పత్రాలున్నా ఒక్కొక్కటే తెరిచి చూడదు. నంబర్లన్నీ నిఘంటువులో మాటల్లా క్రమంగా అమర్చిన సూచిక ఒకటి ఉంటుంది. మెట్టుకు సగం చొప్పున వదిలేస్తూ పోయినా 20 మెట్లు చాలు. ఇరవై రెండ్లను హెచ్చిస్తే 10,48,576 కదా! నిజానికి ఆ సూచిక చెట్టులాంటిది. ఒక్కో చోట రెండు కాదు, ఎన్నో కొమ్మలు చీలుతాయి. కనుక మెట్లు ఇంకా తక్కువే.

అయితే ఒక మెలిక ఉంది. ఆ 24 గుర్తులను ఉత్త అక్షరాలుగా ఇచ్చి వెతకమంటే, పత్రం లోపలే ఉన్నా ‘లేదు’ అంటుంది. పొరపాటు జరిగిందని కూడా చెప్పదు. ఆసుపత్రిలో ఇలా జరిగితే, పాత రికార్డు ఉండగానే రోగి పేర కొత్తది తెరుస్తారు. ఫలానా మందు పడదన్న సంగతి పాతదానిలోనే ఉండిపోతుంది.

ఎందుకిలా? దాచినది 12 బైట్ల నంబరు. మనమిచ్చినది 24 బైట్ల మాట. ‘పదిహేను’ అని రాసినా, 15 అని రాసినా లెక్కల మాస్టారికి ఒకటే. యంత్రానికి అవి రెండు వేర్వేరు జాతులు. ఆ అక్షరాలను ముందుగా 12 బైట్ల నంబరుగా మార్చి అడిగితే, ఆ పత్రమే వెంటనే చేతికొస్తుంది.